రోజువారీ పనికీ ఉద్యోగానికీ స్థిరమైన లినక్స్: ఎంపిక నుంచి మొదటి అప్‌గ్రేడ్ దాకా

"ఏ డిస్ట్రో మంచిది?" అని అడిగితే ఒక పేరు చెప్పడం తేలికే. (డిస్ట్రో అంటే లినక్స్‌ను కావాల్సిన ప్రోగ్రామ్‌లతో కలిపి ఒక పేరుతో ఇచ్చే సిస్టమ్; ఉబుంటు, మింట్, డెబియన్ లాంటివి.) ఆ పేరు మీ ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్‌కు, మీ ఆఫీసు ఫైళ్లకు, సిస్టమ్ మార్చడానికి మీకున్న ఓపికకు సరిపోకపోతే మాత్రం రెండు వారాల్లో పాత సిస్టమ్‌కే వెళ్లిపోతారు. అందుకే పేరు చివర్లో తేల్చాలి. ముందు మీ పనులు, తర్వాత మీ మెషీన్, ఆ తర్వాత సపోర్ట్ గడువు చూసుకోవాలి. చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు. ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

కంప్యూటర్ ఒక్క రోజు ఆగినా పని ఆగిపోయేవారిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

## 1. పనుల జాబితా రాసుకోండి

ఒక కాగితం తీసుకుని గత నెలలో తెరిచిన ప్రతి ప్రోగ్రామ్ పేరూ రాయండి. ఏడాదికోసారి వాడేవాటిని మర్చిపోవద్దు. డిజిటల్ సంతకం టోకెన్, స్కానర్, పన్ను రిటర్న్ ఫారం లాంటివి అవసరం పడిన రోజే గుర్తొస్తాయి. ఆ జాబితాను మూడుగా విడదీయండి.

- లినక్స్‌లో నేరుగా దొరికేవి: ఫైర్‌ఫాక్స్, క్రోమ్, థండర్‌బర్డ్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ, గింప్, బ్లెండర్, వీఎస్ కోడ్, జూమ్.
- బ్రౌజర్‌లో నడిచేవి: మైక్రోసాఫ్ట్ 365 వెబ్ వెర్షన్, గూగుల్ డాక్స్, టీమ్స్, ఆఫీసు పోర్టల్స్.
- లినక్స్‌కు రానివి: డెస్క్‌టాప్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్, ఫొటోషాప్, ప్రీమియర్, ఆటోక్యాడ్, విండోస్ కోసమే తయారైన అకౌంటింగ్ ప్రోగ్రామ్‌లు.

మూడో వరసలో ఉన్నది మీరు రోజూ వాడేదైతే, ఏ డిస్ట్రో ఎంచుకున్నా ఆ చిక్కు తీరదు. వర్చువల్ మెషీన్‌లో (లినక్స్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్‌లో) విండోస్ నడపాలి, లేదా డ్యూయల్ బూట్ (ఒకే మెషీన్‌లో రెండు సిస్టమ్‌లు) పెట్టుకోవాలి, లేదా ఆ పనికి వేరే మెషీన్ ఉంచుకోవాలి. వైన్‌తో కొన్ని విండోస్ ప్రోగ్రామ్‌లు బాగానే నడుస్తాయి. కానీ ఒక అప్‌డేట్‌తో పని చేయడం మానేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, జీతం తెచ్చే పనిని వైన్ మీద ఆధారపడేలా పెట్టుకోకండి.

ఆఫీసు ఫైళ్లను ముందే పరీక్షించాలి. ఇప్పుడున్న సిస్టమ్‌లోనే లిబ్రేఆఫీస్ వేసుకుని, మీ దగ్గరున్న ఐదారు కష్టమైన ఫైళ్లు తెరిచి చూడండి. మ్యాక్రోలున్న ఎక్సెల్ షీట్, ట్రాక్ ఛేంజెస్‌తో నిండిన వర్డ్ ఫైల్, బొమ్మలు ఎక్కువున్న ప్రెజెంటేషన్ తప్పకుండా ఉండాలి. పేజీలు అటూ ఇటూ జరగడానికి చాలాసార్లు ఫాంటే కారణం. కాలిబ్రి, కేంబ్రియా లినక్స్‌తో రావు. అక్షరాల వెడల్పు సరిగ్గా అంతే ఉండే కార్లిటో, కలాడియా వేసుకుంటే లైన్లు విరిగే చోటు దాదాపు మారదు. మ్యాక్రోల సంగతి వేరు. సరళమైనవి నడుస్తాయి, పెద్దవి చాలావరకు నడవవు.

## 2. మెషీన్ వయసు, లోపలి చిప్‌లు చూడండి

హార్డ్‌వేర్ డ్రైవర్లలో ఎక్కువ భాగం కెర్నల్‌లోనే, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే సిస్టమ్ మూలభాగంలోనే, ఉంటాయి. అందుకని మెషీన్ మార్కెట్‌లోకి వచ్చిన తేదీ కన్నా డిస్ట్రోలోని కెర్నల్ కొత్తదై ఉండాలి. డెబియన్ 12లో కెర్నల్ 6.1, ఉబుంటు 24.04 మొదటి విడుదలలో 6.8, డెబియన్ 13లో 6.12 ఉన్నాయి. నిన్నగాక మొన్న వచ్చిన ల్యాప్‌టాప్‌లో పాత డిస్ట్రో వేస్తే వైఫై కనబడకపోవచ్చు, స్లీప్ నుంచి లేవకపోవచ్చు. అది డిస్ట్రో లోపం కాదు, ఎంపికలో వచ్చిన తేడా.

ఉబుంటు ఎల్‌టీఎస్‌లో (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే విడుదలలో) దీనికి దారి ఉంది. రెండో పాయింట్ విడుదల (అదే విడుదలకు మధ్యలో ఇచ్చే సవరించిన ప్రతి) నుంచి, అంటే 24.04.2 లాంటివాటిలో, కొత్త కెర్నల్ వస్తుంది. కొత్త మెషీన్ ఉన్నవారు ఎప్పుడూ చివరి పాయింట్ విడుదల ఐఎస్ఓనే (ఇన్‌స్టాల్ చేసే ఫైల్‌నే) దించుకోవాలి. డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ రిపాజిటరీ (స్థిరమైన విడుదల కోసం కొత్త వెర్షన్లు ఉంచే ప్యాకేజీల నిల్వ) నుంచి కొత్త కెర్నల్ తెచ్చుకోవచ్చు.

చూసుకోవాల్సినవి:

- వైఫై: ఇంటెల్ చిప్‌లు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. బ్రాడ్‌కామ్, కొన్ని రియల్‌టెక్ చిప్‌లకు విడిగా డ్రైవర్ కావాలి.
- గ్రాఫిక్స్: ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి. ఎన్విడియాకు వాళ్ల సొంత డ్రైవర్ వేయాలి.
- ర్యామ్: 8 జీబీ ఉంటే ఏ డెస్క్‌టాప్ అయినా సరే. 4 జీబీ అయితే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఎంచుకోండి.
- వేలిముద్ర రీడర్: చాలా మోడళ్లకు డ్రైవర్ లేదు. పని చేయదనే అనుకుని మొదలుపెట్టండి.
- ప్రాసెసర్: 32-బిట్ మెషీన్లకు ఉబుంటు, మింట్ ప్రధాన ఎడిషన్లు లేవు. డెబియన్ 13 కూడా వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

## 3. సపోర్ట్ గడువును అర్థం చేసుకోండి

స్థిరమైన డిస్ట్రోలో విడుదల రోజున ఏ వెర్షన్లు ఉన్నాయో గడువు ముగిసేదాకా దాదాపు అవే ఉంటాయి. భద్రతా లోపం బయటపడితే కొత్త వెర్షన్ ఇవ్వకుండా, ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను పాత వెర్షన్‌కే జోడిస్తారు. అందుకే ఒక ఉదయం లేచేసరికి మెనూలు మారిపోవడం, నిన్న నడిచిన స్క్రిప్ట్ ఇవాళ ఆగిపోవడం ఉండదు. వెర్షన్ నంబర్ పాతదిగా ఉందని ప్యాకేజీకి రక్షణ లేదనుకోవడం పొరపాటు.

విడుదల పద్ధతులు మూడు రకాలు. మొదటి రకంలో డెబియన్ సుమారు రెండేళ్లకోసారి వస్తుంది. మూడేళ్లు పూర్తి సపోర్ట్, ఆపై రెండేళ్లు ఎల్‌టీఎస్ బృందం ఇచ్చే భద్రతా ప్యాచ్‌లు, కలిపి ఐదేళ్లు. ఉబుంటు ఎల్‌టీఎస్ సరి సంవత్సరం ఏప్రిల్‌లో వస్తుంది. దానికీ ఐదేళ్లు. ఉబుంటు ప్రో చందాతో ఇది పదేళ్లు అవుతుంది, సొంత వాడకానికి ఐదు మెషీన్ల దాకా ఉచితం.

రెండో రకం ఆరు నెలలకోసారి వచ్చేవి. ఫెడోరా ఒక్కో విడుదలకు సుమారు 13 నెలలు సపోర్ట్ ఇస్తుంది. ఉబుంటు మధ్యంతర విడుదలలకైతే 9 నెలలే. మూడో రకం రోలింగ్. ఆర్చ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌లలో విడుదలలనే మాటే లేదు, కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు వచ్చి పడుతుంటాయి. టంబుల్‌వీడ్‌ను బాగా పరీక్షించే వదులుతారు. అయినా డెడ్‌లైన్ ఉన్న వారంలో డెస్క్‌టాప్ మొత్తం కొత్త వెర్షన్‌కు మారిపోతే ఆ టెన్షన్ మీదే.

"మరి కొత్త ప్రోగ్రామ్‌లు కావాలంటే?" అన్న సందేహానికి జవాబు ఫ్లాట్‌ప్యాక్. కింద సిస్టమ్‌ను కదపకుండా, మీకు కావాల్సిన రెండు మూడు ప్రోగ్రామ్‌ల తాజా వెర్షన్లను దాని స్టోర్ అయిన ఫ్లాట్‌హబ్ నుంచి వేసుకోవచ్చు. స్థిరమైన సిస్టమ్ మీద అవసరమైన చోట మాత్రమే కొత్తది పెట్టుకోవడం: ఉద్యోగానికి వాడే కంప్యూటర్‌కు ఇంతకన్నా మంచి అమరిక నాకు తెలియదు.

## 4. ఇప్పుడు పేరు తేల్చండి

లినక్స్ మింట్, సినమన్ ఎడిషన్. విండోస్ నుంచి వచ్చేవారికి, ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌కు, సందేహంలో ఉన్న అందరికీ నా మొదటి మాట ఇదే. మింట్ 22 వరస ఉబుంటు 24.04 మీద కట్టింది, సపోర్ట్ 2029 వరకు. అప్‌డేట్ మేనేజర్, డ్రైవర్ మేనేజర్, సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ముందే ఉంటాయి. ఉబుంటు సొంత ప్యాకేజీ పద్ధతి అయిన స్నాప్ ఆపేసి ఉంటుంది, ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీగానే వస్తుంది.

ఉబుంటు ఎల్‌టీఎస్. మీరు వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ "మేం ఉబుంటుకే సపోర్ట్ ఇస్తాం" అంటే మారుమాట లేకుండా ఇదే. సర్వర్లలో ఉబుంటు వాడే డెవలపర్లకు కూడా, టేబుల్ మీదా సర్వర్‌లోనూ ఒకటే ఉండటం చాలా సమయం మిగులుస్తుంది.

డెబియన్. ఒకసారి అమర్చుకుని రెండు మూడేళ్లు ఆ ఊసే ఎత్తకూడదనుకునేవారికి. డెబియన్ 12 నుంచి వైఫై లాంటివాటి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంది, కాబట్టి పాత రోజుల ఇబ్బంది పోయింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక చోట జాగ్రత్త. రూట్ పాస్‌వర్డ్ అడిగే గడిని ఖాళీగా వదిలేయండి. అప్పుడే మీ యూజర్‌కు సూడో (అడ్మిన్ పనులు చేసే) హక్కులు వస్తాయి. అక్కడ పాస్‌వర్డ్ పెట్టేసి, తర్వాత సూడో పని చేయడం లేదని తల పట్టుకునేవారు చాలామంది.

ఆల్మాలినక్స్, రాకీ లినక్స్. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌తో పొసగేవి, ఒక్కో ప్రధాన విడుదలకు పదేళ్లు. ఇంజినీరింగ్, చిప్ డిజైన్, సినిమా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో కొన్నింటికి ఈ కుటుంబానికే అధికారిక సపోర్ట్ ఉంటుంది. అలాంటి అవసరం లేకపోతే ఇంటి వాడకానికి వద్దు. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు తక్కువ, ఈపెల్ లాంటి అదనపు రిపాజిటరీలు కలుపుకోవాల్సి వస్తుంది.

ఫెడోరా. మెషీన్ మరీ కొత్తదై పైవేవీ దాన్ని గుర్తించకపోతే. ఏడాదికోసారి అప్‌గ్రేడ్ తప్పదని ముందే ఒప్పుకోండి.

పేరు లేని చిన్న డిస్ట్రో ఏదైనా నచ్చిందా? వెనక ఎంతమంది పని చేస్తున్నారు, భద్రతా ప్రకటనలు క్రమంగా వస్తున్నాయా, గత విడుదల నుంచి అప్‌గ్రేడ్‌కు రాతపూర్వకమైన దారి ఉందా అని చూడండి. ఒకరిద్దరు నడిపేదైతే, వారికి తీరిక లేని నెలలో మీ ప్యాచ్ ఆగిపోతుంది.

## 5. లైవ్ పెన్‌డ్రైవ్‌తో గంటసేపు పరీక్షించండి

ఐఎస్ఓను అధికారిక సైట్ నుంచే దించుకోండి. ఫైల్ చెడలేదని తేల్చుకోవడానికి పక్కనే ఇచ్చే షా-256 సంఖ్యతో సరిపోల్చండి. విండోస్‌లో పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్ ఆ పని చేస్తుంది. సగం దిగిన ఫైల్‌తో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, మధ్యలో వచ్చే వింత ఎర్రర్లకు హార్డ్‌డిస్క్‌ను అనుమానించేవారు ఉన్నారు. తర్వాత రూఫస్ లేదా బలేనా ఎచర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కు రాయండి. పెన్‌డ్రైవ్‌లోని పాతదంతా పోతుంది.

దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" దగ్గర ఆగండి. డెబియన్ వాడేవారు దీనికోసం లైవ్ ఐఎస్ఓను విడిగా దించుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, ఆ వేగాన్ని బట్టి డిస్ట్రోను అంచనా వేయకండి.

- వైఫైకి కలిసి, రౌటర్‌కు దూరంగా వెళ్లినా నిలబడుతోందా?
- మూత వేసి పది నిమిషాల తర్వాత తెరిస్తే స్క్రీన్ వెలుగుతోందా? వైఫై తిరిగి కలుస్తోందా?
- బ్రౌజర్‌లో వీడియో కాల్ పెట్టి మైకు, కెమెరా, స్క్రీన్ షేర్ మూడూ చూశారా?
- బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట వినబడటంతో సరిపెట్టకుండా దాని మైకు కూడా పరీక్షించారా?
- రెండో మానిటర్ లేదా ప్రొజెక్టర్ సరైన రిజల్యూషన్‌లో వచ్చిందా?
- ప్రింటర్‌లో ఒక పేజీ వచ్చిందా?
- బ్రైట్‌నెస్, వాల్యూమ్ కీలు, టచ్‌ప్యాడ్ స్క్రోల్ సరిగా ఉన్నాయా?
- కీబోర్డు భాషలు మార్చే ఐబస్‌లో తెలుగు కీబోర్డు కలిపి నాలుగు వాక్యాలు కొట్టి చూశారా? ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్టీఎస్ కూడా ఉంటుంది.

స్లీప్, స్క్రీన్ షేర్ ఈ రెండూ అసలు పరీక్షలు. మిగతావాటికి ఏదో ఒక సర్దుబాటు దొరుకుతుంది. స్లీప్ పాడైతే కొత్త కెర్నల్ ఉన్న ఐఎస్ఓతో మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే ఆ డిస్ట్రోను పక్కన పెట్టడమే మేలు.

## 6. ఇన్‌స్టాల్‌కు ముందు

- బ్యాకప్ రెండు చోట్ల ఉండాలి, అందులో ఒకటి మెషీన్‌కు తగిలించకుండా. నాలుగు ఫైళ్లు తెరిచి చూశాకే బ్యాకప్ అయినట్టు.
- బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బూట్ అమరికలు మారగానే విండోస్ దాన్ని అడుగుతుంది.
- డ్యూయల్ బూట్ అయితే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం కుదరదు.
- పార్టిషన్‌ను తగ్గించే పని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి.
- ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (బూట్ ఫైళ్లు ఉండే చోటును) ఫార్మాట్ చేయకండి. రెండు సిస్టమ్‌లూ దాన్ని పంచుకుంటాయి.
- వీలైతే లినక్స్‌కు విడి ఎస్ఎస్‌డీ పెట్టండి. డ్యూయల్ బూట్ తలనొప్పులు చాలావరకు దీంతోనే పోతాయి.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోతే, బయాస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్‌లో ఉందేమో చూడండి. ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ కూడా ఉంచుకుంటే, దాన్ని ముందు సేఫ్ మోడ్‌లోకి వెళ్లేలా పెట్టి ఆ తర్వాతే మార్చండి. నేరుగా మారిస్తే విండోస్ లేవదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ గడిలో టిక్ పెట్టండి. ల్యాప్‌టాప్ పోయినా ఫైళ్లు బయటపడవు. పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం డేటాను తిరిగి తెచ్చే దారి లేదు.

ఎన్విడియా ఉన్నవారికి ఒక మాట. సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను ఆపే బయాస్ అమరిక) ఆన్‌లో ఉండగా డ్రైవర్ వేస్తే, ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అవగానే నీలం స్క్రీన్ మీద చిన్న మెనూ వస్తుంది. అందులో "ఎన్‌రోల్ ఎంఓకే" ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. అది కొద్ది సెకన్లే ఉంటుంది. ఏదో ఎర్రర్ అనుకుని దాటేస్తే డ్రైవర్ లోడ్ అవదు, రెండో మానిటర్ రాదు, కారణం ఏమిటో అంతుబట్టదు. దాటేసినట్టయితే డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేయండి, ఆ మెనూ తిరిగి వస్తుంది.

## 7. మొదటి రోజు చేయాల్సినవి, ఇదే వరసలో

1. అప్‌డేట్లన్నీ వేసి రీస్టార్ట్ చేయండి.
2. టైమ్‌షిఫ్ట్‌తో మొదటి స్నాప్‌షాట్ తీయండి. డ్రైవర్ల జోలికి వెళ్లేముందే ఇది అవ్వాలి.
3. డ్రైవర్ మేనేజర్ సిఫారసు చేసిన డ్రైవర్ వేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి.
4. మీడియా కోడెక్‌లు, ఫాంట్లు వేసుకోండి.
5. ఫైర్‌వాల్ ఆన్ చేయండి. ఉబుంటు, మింట్‌లలో అది ఆఫ్‌లో ఉంటుంది.
6. మీ ఫైళ్లకు విడిగా బ్యాకప్ ప్రోగ్రామ్ అమర్చండి. డేజా డప్ సరిపోతుంది.

ఆరోదాన్ని వదిలేయకండి. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ను మాత్రమే కాపాడుతుంది. మీ హోమ్ ఫోల్డర్‌ను అది మామూలుగా కలుపుకోదు. రోజూ స్నాప్‌షాట్ తీస్తున్నాం కదా అనే ధీమాతో ఉండి, డిస్క్ పాడైన రోజున ఫొటోలు, ఫైళ్లు పోగొట్టుకోవడం ఎవరికీ జరగకూడదు. అసలు బ్యాకప్ వేరే డిస్క్ మీద ఉండాలి.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

ఎక్కడెక్కడివో రిపాజిటరీలు కలపడం. డెబియన్ స్టేబుల్‌లోకి టెస్టింగ్ (తర్వాతి విడుదల కోసం తయారవుతున్న) ప్యాకేజీలు తేవడం, డెబియన్‌కు ఉబుంటు పీపీఏ (బయటివాళ్లు నడిపే రిపాజిటరీ) తగిలించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఒక లైబ్రరీ కొత్తది వస్తే, దాని మీద ఆధారపడిన పదింటినీ అది లాగుతుంది. ప్రోగ్రామ్ కావాలంటే ముందు డిస్ట్రో రిపాజిటరీ, లేకపోతే ఫ్లాట్‌ప్యాక్, అదీ లేకపోతే తయారీదారు ఇచ్చే ప్యాకేజీ. ఈ వరస దాటకండి. ఇప్పటికే పీపీఏ వల్ల పాడైతే, పీపీఏ-పర్జ్ అనే పనిముట్టు ఆ ప్యాకేజీలను డిస్ట్రో వెర్షన్‌కు వెనక్కి తెస్తుంది.

తొలగించే జాబితా చదవకుండా "ఎస్" కొట్టడం. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తొలగించబోయేవాటి పేర్లు కూడా చూపిస్తుంది. అందులో డెస్క్‌టాప్ పేరు, పైథాన్ పేరు కనబడితే ఆగిపోండి.

పైథాన్ మాడ్యూళ్లను సూడోతో వేయడం. డెబియన్ 12, ఉబుంటు 24.04లలో సిస్టమే దీన్ని అడ్డుకుంటుంది. ఆ అడ్డు తీసే ఆప్షన్ వాడకుండా, ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి.

అప్‌డేట్ తర్వాత బూట్ కాకపోతే ఫార్మాట్ చేసేయడం. అవసరం లేదు. బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" తెరిచి పాత కెర్నల్ ఎంచుకోండి. అది లేస్తే తప్పు కొత్త కెర్నల్‌దే, తర్వాతి అప్‌డేట్ దాకా పాతదానితో పని నడుస్తుంది. అదీ లేవకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్‌ను తిరిగి వేయండి. అందుకే ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే పనికి వాడకుండా దాచిపెట్టుకోవాలి.

భయంతో అప్‌డేట్లు ఆపేయడం. స్థిరమైన డిస్ట్రోలో వచ్చేవి ఎక్కువగా భద్రతా ప్యాచ్‌లే. వారానికోసారి, పని ముగిశాక వేయండి. మీటింగ్‌కు అరగంట ముందు మాత్రం వద్దు.

## 9. మొదటి పెద్ద అప్‌గ్రేడ్

మీ డిస్ట్రో గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, దానికి ఆరు నెలల ముందు ఒక గుర్తు పెట్టండి. కొత్త విడుదల రాగానే దూకకండి. ఉబుంటు కూడా పాత ఎల్‌టీఎస్ వాడేవారికి కొత్తది వచ్చిన మొదటి రోజే అప్‌గ్రేడ్ చూపించదు, మొదటి పాయింట్ విడుదల దాకా ఆగుతుంది. డెబియన్‌లోనూ ఆ లెక్కే పాటించండి. మెట్లు దాటేయడం కుదరదు. డెబియన్ 11లో ఉన్నవారు ముందు 12కి, ఆ తర్వాతే 13కి వెళ్లాలి.

- విడుదల నోట్స్‌లో అప్‌గ్రేడ్ భాగం పూర్తిగా చదివారా?
- బయటి రిపాజిటరీలన్నీ ఆపేశారా?
- హోమ్ బ్యాకప్, సిస్టమ్ స్నాప్‌షాట్ రెండూ ఈరోజువేనా?
- ల్యాప్‌టాప్ చార్జర్‌కు తగిలించి ఉందా?
- మర్నాడు సెలవేనా?

అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయి సగం ప్యాకేజీలు పాతవి, సగం కొత్తవి అయితే, ముందు స్నాప్‌షాట్‌తో వెనక్కి వెళ్లండి. రెండోసారీ అదే చోట ఆగితే ఇక పట్టుబట్టకండి. కొత్త విడుదలను తాజాగా ఇన్‌స్టాల్ చేసి, బ్యాకప్ నుంచి హోమ్ ఫోల్డర్ తెచ్చుకోవడం ఒక మధ్యాహ్నం పని. ప్రోగ్రామ్‌ల పేర్లు మొదటి భాగంలో రాసుకున్న కాగితం మీద ఉన్నాయి కాబట్టి వాటిని ఒకేసారి వేసేసుకోవచ్చు.